డేటాబేస్‌కి గిట్ కావాలా, పాత రికార్డు ఉంటే చాలా?

నెలాఖరు సాయంత్రం, ఇంటికి బయల్దేరే టైమ్. ఐటమ్ మాస్టర్‌లో ఒక్క వస్తువు రేటు మార్చమని ఫోన్ వచ్చింది. అప్‌డేట్ రాశాను. రన్ చేసేటప్పుడు పై రెండు లైన్లే సెలెక్ట్ అయ్యాయి, ఏ వస్తువుకో చెప్పే వేర్ ఉన్న మూడో లైను బయటే ఉండిపోయింది. 1 రో (టేబుల్‌లో ఒక వరస) మారిందని రావాల్సిన చోట 11,842 అని వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. బ్యాకప్ చూస్తే ముందురోజు రాత్రిది. దాన్ని వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి, రెండు టేబుళ్లనీ జాయిన్ చేసి, పాత రేట్లు వెనక్కి ఎక్కించేసరికి రాత్రి రెండయింది. ఆ పగలు మిగతావాళ్లు మార్చిన రేట్లు మాత్రం బ్యాకప్‌లో ఎక్కడ ఉంటాయి? వాట్సాప్ మెసేజీల్లోంచి వెతికి ఒక్కొక్కటీ మళ్లీ కొట్టాం.

మర్నాడు టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. "కోడ్‌కి గిట్ ఉంది కదన్నా, డేటాకి లేదా?"

ఉంది. గిట్ అంటే కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే టూల్. డేటాకీ అదే చేస్తామని చెప్పుకునేవి చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని తర్వాత పెట్టి చూశాక అర్థమైంది ఏంటంటే, డేటాకి వెర్షన్ కంట్రోల్ కావాలి అనే ఒకే మాట వెనక రెండు వేరు వేరు అవసరాలు ఉంటాయి. ఒకటి వెనక్కి తిరిగి చూసుకోవడం: నిన్న ఈ రేటు ఎంత, ఎప్పుడు మారింది. రెండోది అసలు డేటాని కదపకుండా పక్కన ఒక కాపీలో మార్చుకుని, ఇంకొకరికి చూపించి, సరే అన్నాక కలపడం. మొదటిది దాదాపు అందరికీ కావాలి, చవగ్గా దొరుకుతుంది. రెండోది కొద్దిమందికే కావాలి, వాళ్లకి మాత్రం మొదటిదాంతో పని జరగదు. మీరు ఏ వైపు ఉన్నారో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

వెనక్కి చూసుకోవడమే పని అయితే

కొత్త డేటాబేస్ జోలికి వెళ్లక్కర్లేదు. డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్, దాని 2011 ప్రమాణంలోనే ఈ ఏర్పాటు ఉంది. మారియాడీబీలో 2018లో వచ్చిన 10.3 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి వాడుకోవచ్చు. మారియాడీబీలో అయితే ఉన్న టేబుల్‌కి 'యాడ్ సిస్టమ్ వెర్షనింగ్' అని ఒక్క ఆల్టర్ కమాండ్ కొడితే చాలు. అక్కడి నుంచి అప్‌డేట్ చేసినా డిలీట్ చేసినా పాత రో పోదు, ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా చెల్లిందో టైమ్ వేసుకుని చరిత్రలో కూర్చుంటుంది. అప్లికేషన్ కోడ్ ఒక్క లైను మార్చనవసరం లేదు.

నా 11,842 రోల రాత్రికి ఇదే సరైన మందు. సాయంత్రం 6:40కి ఈ టేబుల్ ఎలా ఉందో చూపించు అని 'సిస్టమ్ టైమ్ యాజ్ ఆఫ్' పెట్టి అడిగితే, పగలు నలుగురు మార్చిన రేట్లతో సహా వచ్చేసేది. పావుగంట పని.

చిక్కులు లేవని కాదు. చరిత్ర ఉన్న టేబుల్‌కి కాలమ్ చేర్చబోతే మారియాడీబీ ముందు ఒప్పుకోదు, సెట్టింగ్ మార్చాలి. ట్రంకేట్ (టేబుల్‌ని ఒక్క దెబ్బకి ఖాళీ చేయడం) కుదరదు. అన్నిటికంటే మోసం చేసేది డేటాని ఫైలుగా దించుకునే డంప్ బ్యాకప్: మామూలుగా తీస్తే ఇప్పటి రోలే వస్తాయి, చరిత్ర రాదు. డంప్‌లో చరిత్రని కూడా తీసే ఆప్షన్ 10.11లో గానీ రాలేదు. ఇంకోటి, మైఎస్‌క్యూఎల్‌లో ఈ సౌకర్యమే లేదు. మారియాడీబీ, మైఎస్‌క్యూఎల్ ఒకటేలే అనుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు.

పోస్ట్‌గ్రెస్ వాళ్ల సంగతి తమాషాగా ఉంటుంది. బర్క్లీలో పుట్టినప్పుడు పోస్ట్‌గ్రెస్‌లో గతంలోకి వెళ్లి చూసే సదుపాయం ఉండేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు మనమే ట్రిగ్గర్ (రో మారగానే తనంతట తానే నడిచే కోడ్) రాసుకుని, పాత రోని జేసన్ అనే టెక్స్ట్ రూపంలో ఒక ఆడిట్ టేబుల్‌లో పడేసుకోవాలి. పాత పద్ధతే, కానీ నాకు ఇష్టం. మారింది ఎప్పుడో సిస్టమ్ వెర్షనింగ్ చెబుతుంది, ఎవరు మార్చారో చెప్పదు. అప్లికేషన్ మొత్తం ఒకే డేటాబేస్ యూజర్‌తో కనెక్ట్ అవుతుంది కాబట్టి దానికి తెలిసే దారి లేదు. ట్రిగ్గర్‌లో అయితే లాగిన్ అయిన మనిషి పేరుని సెషన్ వేరియబుల్‌తో అందించి రాయించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి, ఎందుకంటే ఏ టూల్ కొన్నా ఇది తీరదు. అడ్రస్ మాస్టర్ చూసే ఎవరికైనా ములుగు గుర్తుంటుంది. 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లా. ఆ రోజు తెలంగాణ 10 జిల్లాలు 31 అయినప్పుడు జయశంకర్ భూపాలపల్లిలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో తానే జిల్లా అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇప్పుడు మీ ఆఫీసులో ఆ మార్పుని జూన్‌లో తీరిగ్గా ఎక్కించారనుకోండి. సిస్టమ్ వెర్షనింగ్‌ని మే నెలలో ఏ జిల్లా అని అడిగితే పాత పేరే చెబుతుంది. అది అబద్ధం కాదు, మీ టేబుల్‌లో అప్పుడు ఉన్నది అదే. లోకంలో ఎప్పుడు మారింది, మన టేబుల్‌లో ఎప్పుడు మారింది అనేవి రెండు వేర్వేరు తేదీలు. మొదటిదానికి 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి దాకా' అని సొంత కాలమ్‌లు పెట్టుకోవాల్సిందే. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లో, అలాంటి కాలాలు ఒకదాని మీద ఒకటి పడకుండా, ప్రతి రోనీ విడిగా గుర్తించే ప్రైమరీ కీతోనే కాపలా పెట్టుకోవచ్చు. చిన్న సౌకర్యమే గానీ, ఇదివరకు దీని కోసం రాసిన కోడ్ గుర్తొస్తే ప్రాణం లేచొస్తుంది.

పక్కన మార్చి, చూపించి, కలపాలంటే

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. అమలు 22 నుంచి. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్ 18 నుంచి 5 శాతానికి. నెయ్యి, వెన్న 12 నుంచి 5కి. పెద్ద టీవీలు, ఏసీలు, సిమెంటు 28 నుంచి 18కి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లకి ఆ 19 రోజులు ఎలా గడిచాయో వాళ్లకే తెలుసు. 21 రాత్రి దాకా పాత రేట్లతోనే బిల్లులు పడాలి. కొత్త రేట్లు ముందే సిద్ధంగా ఉండాలి, అకౌంట్స్ వాళ్లు ఒకసారి కళ్లతో చూడాలి. ఈ లోపల రోజువారీ మార్పులు ఆగవు. చాలామంది ఎక్సెల్‌లో చేసి, ఆ రాత్రి అప్‌లోడ్ కొట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

ఈ పని కోసమే పుట్టినట్టుండేది డోల్ట్. మైఎస్‌క్యూఎల్ లాగే మాట్లాడే ఓపెన్ సోర్స్ డేటాబేస్ ఇది. గో భాషలో రాశారు, 2019లో సోర్స్ బయటపెట్టారు, 1.0 వెర్షన్ 2023లో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌కి కనెక్ట్ అయ్యే టూల్ దేంతోనైనా దీనికి కనెక్ట్ కావచ్చు. తేడా అంతా బ్రాంచ్ (పక్కన తీసుకునే కాపీ), కమిట్ (మార్పుని చరిత్రలో ఎక్కించడం), డిఫ్ (తేడా చూడటం), మెర్జ్ (కలపడం), రివర్ట్ (మార్పుని వెనక్కి తీయడం) అన్నీ ఎస్‌క్యూఎల్‌లోంచే చేసుకోగలగడంలో ఉంది.

జీఎస్టీ మార్పుని అందులో ట్రయల్‌గా చేసి చూశాను. 'సెప్టెంబర్22' అని ఒక బ్రాంచ్ తీశాను. డేటాబేస్ పేరు తర్వాత స్లాష్ (/) పెట్టి బ్రాంచ్ పేరు రాస్తే కనెక్షన్ నేరుగా ఆ బ్రాంచ్‌కే వెళ్తుంది. అంటే టెస్ట్ బిల్లింగ్ కౌంటర్‌ని దానికి తిప్పి, అసలు కౌంటర్ పాత రేట్లతో నడుస్తుండగానే కొత్త రేట్లతో బిల్లు కొట్టి చూసుకోవచ్చు. డేటా రెండు కాపీలు కాలేదు. డోల్ట్ టేబుల్‌ని సగటున 4 కిలోబైట్ల ముక్కలుగా దాచుకుంటుంది, మారిన ముక్కలే కొత్తగా రాస్తుంది, మారనివి రెండు బ్రాంచ్‌లూ పంచుకుంటాయి. రెండు బ్రాంచ్‌ల మధ్య డిఫ్ అడిగితే మొత్తం టేబుల్ తిరగేయకుండా తేడా ఉన్న ముక్కల్లోకే దిగుతుంది. టేబుల్ ఎంత పెద్దదైనా, టైమ్ పట్టేది మారిన మేరకే.

డిఫ్ కూడా ఒక టేబులే. సబ్బు రోకి ఎదురుగా ముందు రేటు 18, తర్వాత రేటు 5, ఏ కమిట్, ఏ తేదీ అన్నీ కాలమ్‌లుగా వస్తాయి. సెలెక్ట్ రాసి, ఎక్సెల్‌లో దించి, అకౌంట్స్ వాళ్లకి పంపితే వాళ్లకి మామూలు లిస్టులాగే కనపడుతుంది. గిట్ గురించి వాళ్లకి చెప్పే పని పడలేదు, అది నాకు పెద్ద ఊరట.

మెర్జ్ దగ్గర కావాలనే తగాదా పెట్టాను. సబ్బు రోలో, బ్రాంచ్‌లో రేటు మారింది, మెయిన్‌లో (అసలు డేటా ఉండే బ్రాంచ్) ఎవరో పేరులో స్పెల్లింగ్ దిద్దినట్టు చేశాను. కలిపితే రెండు మార్పులూ నిలబడ్డాయి, ఏ గొడవా లేదు. ఒకే రో అయినా గడులు వేరు కాబట్టి. నెయ్యి రోలో మాత్రం బ్రాంచ్‌లో 5, మెయిన్‌లో పొరపాటున 18 అని పెట్టాను. డోల్ట్ కలపకుండా ఆపి, కాన్‌ఫ్లిక్ట్ల టేబుల్‌లో ఒక రో పెట్టింది: మొదట ఉన్నది 12, ఇటువైపు 18, అటువైపు 5. ఏది ఉంచాలో మనమే చెప్పాలి. ఎక్సెల్ అప్‌లోడ్ అయితే ఆఖరున ఎక్కినది మాటామంతీ లేకుండా పైన కూర్చునేది.

డోల్ట్ తీసుకునేముందు

అందరూ బోల్తా పడే చోటు కమిట్. ఎస్‌క్యూఎల్‌లో కమిట్ కొడితే డేటా భద్రంగా డిస్క్ మీదకి వెళ్తుంది గానీ చరిత్రలోకి ఎక్కదు. డోల్ట్ కమిట్ విడిగా కొట్టాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కొడితే మధ్యలో రేటు మూడుసార్లు మారినా చరిత్రలో ఒకటే కనపడుతుంది. నా నెలాఖరు రాత్రి డోల్ట్ ఉండి, పొద్దున్నుంచి ఎవరూ కమిట్ కొట్టకపోయి ఉంటే, వెనక్కి తిప్పినప్పుడు మిగతావాళ్ల పని కూడా నాతోపాటు కొట్టుకుపోయేది. ప్రతి మార్పుకీ ఒక కమిట్ ఉండుంటే నా ఒక్క కమిట్‌నే రివర్ట్ చేస్తే సరిపోయేది. ప్రతి ట్రాన్సాక్షన్‌నీ డోల్ట్ కమిట్‌గా మార్చే సెట్టింగ్ ఉంది. కానీ అప్పుడు 'ఎందుకు మార్చాం' అని చెప్పే మెసేజ్ విలువ పోతుంది. అప్లికేషన్‌లో సేవ్ బటన్ నొక్కినప్పుడు యూజర్ పేరు, కారణం కలిపి కమిట్ కొట్టించడమే మంచి దారి. దానికి కోడ్ ముట్టుకోవాలి.

ప్రైమరీ కీ లేని టేబుళ్లకి డిఫ్, మెర్జ్ సరిగ్గా కుదరవు. ఇద్దరు తమ తమ ల్యాప్‌టాప్‌ల్లో క్లోన్ (పూర్తి కాపీ) చేసుకుని పనిచేస్తే, వరసగా తనంతట తానే పడే ఆటో ఇంక్రిమెంట్ నంబర్లు గుద్దుకుంటాయి. ఇద్దరికీ 5001 వస్తుంది, వస్తువులేమో వేరు. అలా పనిచేసేవాళ్లు మొదటి రోజే, ఎవరి దగ్గర పుట్టినా గుద్దుకోని పొడవాటి ఐడీ అయిన యూయూఐడీకి మారిపోవాలి.

స్పీడ్ గురించి అడుగుతారు. మొదట్లో డోల్ట్ మైఎస్‌క్యూఎల్ కంటే బాగా నెమ్మది. ఆ తేడా ఏటా తగ్గుతూ వచ్చింది. మాస్టర్ టేబుళ్లకి అది సమస్యే కాదు. బిల్లులు, పేమెంట్లు, సెన్సర్ రీడింగులు లాంటివి నిమిషానికి వేలల్లో పడే చోట మాత్రం నేను పెట్టను. వేగం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, బిల్లుకి బ్రాంచ్ అక్కర్లేదు. పడిన బిల్లుని ఎవరూ దిద్దరు, క్రెడిట్ నోట్ వేస్తారు. ఒక్క రో మారినా ఆ ముక్క మొత్తం, దాని పైనున్న ముక్కలు కొత్తగా రాయాలి కాబట్టి డిస్క్ కూడా ఉబ్బుతుంది. నా లెక్క ఒకటే: మనుషులు దిద్దే టేబుళ్లకి డోల్ట్, యంత్రాలు నింపే టేబుళ్లకి మామూలు డేటాబేస్.

ఇంకో జాగ్రత్త. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఇలాంటి డేటాబేస్‌లో పెట్టకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తన వివరాలు తీసేయమని అడిగే హక్కుని మనిషికి ఇచ్చారు. డోల్ట్‌లో రో డిలీట్ చేస్తే పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. తీయాలంటే చరిత్రనే తిరగరాయాలి, క్లోన్ చేసుకున్న అందరి దగ్గరా. మారియాడీబీలో ఫలానా తేదీకి ముందున్న చరిత్రని చెరిపే కమాండ్ ఉంది. ఆడిట్ టేబుల్ అయితే మామూలు డిలీటే.

ఉన్న మైఎస్‌క్యూఎల్‌ని కదపడం భయమైతే మధ్యే మార్గం ఒకటుంది. డోల్ట్‌ని మైఎస్‌క్యూఎల్‌కి రెప్లికాగా (వెంటవెంటనే మార్పులు అందుకునే కాపీగా) పెట్టొచ్చు. మైఎస్‌క్యూఎల్ రాసే మార్పుల చిట్టా (బిన్‌లాగ్) చదువుకుంటూ వెనక చరిత్ర రాసుకుంటూ పోతుంది. అసలు సర్వర్‌కి ఏమీ తెలియదు. బ్రాంచ్, మెర్జ్ సుఖం అసలు డేటాకి రాదు గానీ, ఏం మారిందో డిఫ్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్లకి డోల్ట్‌గ్రెస్ అని తమ్ముడున్నాడు. వయసులో చిన్నవాడు, ప్రొడక్షన్‌లో పెట్టేముందు మీ క్వెరీలన్నీ నడిపి చూసుకోండి.

అలాగే కనపడేవి, కానీ వేరు

నియాన్ అనే క్లౌడ్ సర్వీస్ పోస్ట్‌గ్రెస్‌కి బ్రాంచ్‌లు ఇస్తుంది, క్షణాల్లో. ప్రొడక్షన్ డేటా మీద డెవలపర్‌కి ఒక కాపీ కావాలంటే దాన్ని మించింది నేను చూడలేదు. కానీ బ్రాంచ్‌లో మార్చిన డేటాని తిరిగి మెయిన్‌లో మెర్జ్ చేయలేం. టెస్ట్ చేసి పారేయడానికే ఆ బ్రాంచ్. ప్లానెట్‌స్కేల్ అనే ఇంకో క్లౌడ్ సర్వీస్ బ్రాంచ్ ప్రధానంగా స్కీమా (టేబుళ్ల నిర్మాణం) కోసం: కాలమ్ చేర్చడం, రివ్యూ, డిప్లాయ్. ఫ్లైవే, లిక్విబేస్ కూడా స్కీమా మార్పుల స్క్రిప్టులే చూసుకుంటాయి, రేట్ల టేబుల్‌లో ఏ గడి మారిందో వాటికి పట్టదు. ఈ ఫ్లైవే, లిక్విబేస్ లాంటిది ఏదో ఒకటి మీ దగ్గర ఎలాగూ ఉండాలి. లేక్‌ఎఫ్‌ఎస్, డీవీసీ ఫైళ్లకి వెర్షన్లు పెడతాయి, మెషిన్ లెర్నింగ్ వాళ్ల పెద్ద పెద్ద ఫోల్డర్లకి. రో స్థాయిలో మెర్జ్ వాటి పని కాదు.

టేబుల్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) గిట్‌లో పెట్టేస్తే పోలా అని ప్రతి టీమ్‌లో ఒకరు అంటారు. రెండు మూడొందల రోలు, ఒకరిద్దరు మనుషులు అయితే నిజంగానే సరిపోతుంది, అంతకంటే సులువు ఇంకోటి లేదు. పెరిగేకొద్దీ బాధలు మొదలవుతాయి. గిట్‌కి లైనే కనపడుతుంది, గడి కనపడదు. పైన చెప్పిన సబ్బు రో అక్కడ కాన్‌ఫ్లిక్ట్ అవుతుంది. పక్కపక్క లైన్లు ఇద్దరు మార్చినా అంతే. ఎవరో ఎక్సెల్‌లో తెరిచి పేరు వరసలో సార్ట్ చేసి సేవ్ చేస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తుంది. సున్నాతో మొదలయ్యే కోడ్‌లకి సున్నా ఎగిరిపోతుంది. తెలుగు పేర్లున్న ఫైలైతే ఇంకా అందం: యూటీఎఫ్-8 అని ఎంచుకోకుండా మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారంటే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు. గిట్‌హబ్‌లో 100 ఎంబీ దాటిన ఫైలు ఎక్కదు కూడా.

మీ పరిస్థితికి ఏది

షాపు, క్లినిక్, స్కూల్ సాఫ్ట్‌వేర్ లాంటివి నడుపుతూ 'ఎవరో ఏదో మార్చేశారు' అన్న టెన్షన్ ఒక్కటే ఉంటే, మారియాడీబీ మీద ఉన్నవాళ్లు సిస్టమ్ వెర్షనింగ్ పెట్టుకోండి, పోస్ట్‌గ్రెస్ మీద ఉన్నవాళ్లు ఆడిట్ ట్రిగ్గర్ రాసుకోండి. డోల్ట్ దాకా రావద్దు, అది మీకు బరువు. ప్రోడక్ట్ కేటలాగ్, రేట్ల పట్టిక, గేమ్‌లో లెవెల్ సెట్టింగులు, ట్రైనింగ్ కోసం మనుషులు లేబుల్ చేసే డేటా లాంటివి ముగ్గురు నలుగురు దిద్దుతూ, ఒకరు ఓకే చేయాల్సి ఉంటే డోల్ట్ పెట్టండి. మీ అడ్మిన్ స్క్రీన్‌లో ఇప్పటికే 'డ్రాఫ్ట్', 'అప్రూవ్డ్' అని స్టేటస్ కాలమ్‌లు, వాటికి తోకలు పుట్టుకొచ్చాయంటే, మీరు చేత్తో బ్రాంచ్‌లు కడుతున్నారన్నమాటే.

ఈ మధ్య మూడో రకం వాళ్లు వస్తున్నారు. ఏఐ ఏజెంట్‌కి డేటాబేస్ మీద రాసే హక్కు ఇవ్వాలనుకునేవాళ్లు. దానికి మెయిన్ ఎప్పుడూ ఇవ్వకండి. ఒక బ్రాంచ్ ఇచ్చి, డిఫ్ చూసి, మెర్జ్ మీరు కొట్టండి. అది టేబుల్ మొత్తం తుడిచేసినా పోయేది బ్రాంచే.

తేల్చుకోలేకపోతే ఒక శనివారం గంటసేపు కూర్చోండి. మీ మాస్టర్ టేబుల్ ఒకటి డంప్ తీసి డోల్ట్‌లో ఎక్కించండి. ఒక బ్రాంచ్‌లో పది రోలు, మెయిన్‌లో పది రోలు మార్చండి, రెండు రోలు కావాలనే రెండు చోట్లా మార్చండి. మెర్జ్ కొట్టి, డిఫ్‌ని ఎక్సెల్‌గా దించి, మీ ఆఫీసులో ఆ డేటాకి అసలు బాధ్యుడైన మనిషికి సోమవారం చూపించండి. "ఇది నెలకోసారి నాకు పంపగలవా" అని ఆయన అడిగితే ఆడిట్ టేబుల్ సరిపోతుంది. "మార్చకముందే నాకు చూపించగలవా" అంటే డోల్ట్ పెట్టండి.